మిషిమా ‘మదామ్ ద సాద్’: ఐరోపా రంగస్థలంపై అనువాద ప్రస్థానం

యుకియో మిషిమా 1965లో రచించిన ‘మదామ్ ద సాద్’ జపాన్ నాటకమే అయినా అందులో జపాన్ లేదు. కథాస్థలం పారిస్‌లోని మదామ్ ద మోంత్రోయి గృహం. కాలం 1772 నుండి 1790 వరకు. ఆరు పాత్రలూ స్త్రీలవే. సంభాషణ అంతా మార్క్విస్ ద సాద్ చుట్టూ తిరిగినా అతడు ఒక్కసారి కూడా రంగం మీదకు రాడు. ఏళ్ల తరబడి చెరలో ఉన్న భర్తకు అండగా నిలిచిన రెనే, విప్లవకాలంలో అతడు విడుదలై వచ్చినప్పుడు చూడటానికి ఎందుకు నిరాకరించింది? తత్సుహికో షిబుసావా రచించిన సాద్ జీవితచరిత్ర చదివిన మిషిమాను ఈ ప్రశ్నే నాటక రచనకు పురికొల్పింది.

టోక్యో ప్రదర్శనలో జపాన్ నటీమణులు ఫ్రెంచి కులీన స్త్రీలుగా కనిపించారు. పాత్రకూ నటికీ మధ్య ఉన్న ఆ దూరం నాటకానికి ఒక కృత్రిమ సౌందర్యాన్ని ఇచ్చింది. నాటకం ఐరోపాకు చేరగానే ఆ దూరం దానంతటదే తొలగిపోయింది. పరాయి కథ అక్కడ సొంత చరిత్ర అయింది. విదేశీ ప్రదర్శనల అసలు సమస్య ఇదే.

డొనాల్డ్ కీన్ ఆంగ్లానువాదం 1967లో వెలువడింది. జపనీస్ తెలియని ఆంద్రే పియేర్ ద మాందియార్గ్, నొబుతాకా మియురా చేసిన యథాతథ అనువాదం ఆధారంగా 1976లో ఫ్రెంచి పాఠాన్ని రూపొందించాడు. ఫ్రెంచి చరిత్ర జపనీస్ మీదుగా మళ్లీ ఫ్రెంచికి చేరడం అనువాద చరిత్రలో అరుదైన విషయమే.

పోయిన దూరాన్ని తిరిగి కల్పించినవాడు ఇంగ్మార్ బెర్గ్‌మన్. 1989లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్‌లో గునిల్లా లింద్‌బెర్గ్-వాదా, పేర్ ఎరిక్ వాలుంద్‌ల స్వీడిష్ అనువాదంతో అతడు దీనిని ప్రదర్శించాడు. రెనేగా స్టీనా ఎక్‌బ్లాద్, తల్లిగా అనీతా బ్యోర్క్ నటించారు. వాస్తవికతను పక్కనపెట్టి, డోన్యా ఫోయర్ నృత్యరచన సాయంతో కదలికలను శైలీకృతం చేయడంతో మాటకు దేహం తోడైంది. 1992లో బెర్గ్‌మన్ దీనిని టెలివిజన్‌కు కూడా మలిచాడు.

2009లో లండన్‌లోని విండమ్స్ థియేటర్‌లో మైకేల్ గ్రాండేజ్ దర్శకత్వంలో కీన్ అనువాదమే ప్రదర్శితమైంది. జూడీ డెంచ్, రోజమండ్ పైక్ వంటి నటీమణులున్నా విమర్శకులలో ఎక్కువమంది పెదవి విరిచారు; సంభాషణ ఎక్కువ, క్రియ తక్కువ అన్నది వారి ప్రధాన ఆక్షేపణ. ఈ లోపాన్ని అనువాదానికి అంటగట్టడం సబబు కాదు. ఈ నాటకంలో సంభాషణే క్రియ. చివరి ఘట్టంలో గుమ్మం ముందున్న సాద్ రూపాన్ని పరిచారిక షార్లోత్ వర్ణిస్తుంది. ఆ వర్ణన విన్న తరువాతే రెనే అతడిని వెనక్కి పంపివేయమంటుంది. ప్రేక్షకుడు సాద్‌ను చూసేది ఆ మాటలలోనే.