పాత పాటకు మళ్లీ ప్రాణం పోస్తే పైసలు ఎవరికి?

అమెరికాలోని డెట్రాయిట్‌లో 1994లో ఓ బ్యాండ్ మొదలైంది. పేరు డెట్రాయిట్ కోబ్రాస్. సొంత పాటల జోలికి పెద్దగా పోలేదు. జనం మర్చిపోయిన పాత రిథమ్ అండ్ బ్లూస్ పాటల్ని వెతికి పట్టుకుని, గిటార్ల హోరుతో మళ్లీ పాడటమే వీళ్ల పని. పాటలు వింటే హుషారొస్తుంది. కానీ ఒక లెక్క మాత్రం తేలాలి. పాత పాట మళ్లీ మార్కెట్‌లోకి వస్తే, మొదట పాడినవాళ్లకు దక్కేది ఎంత?

అసలు ఇవి ఎవరి పాటలు?

రిథమ్ అండ్ బ్లూస్ అమెరికా నల్లజాతి కళాకారుల సంగీతం. 1949 వరకు బిల్‌బోర్డ్ పత్రిక ఈ పాటల జాబితాకు ‘రేస్ రికార్డ్స్’ అని పేరు పెట్టేది. అంటే ‘జాతి రికార్డులు’ అన్నమాట. ఆ ఏడాది జెర్రీ వెక్స్‌లర్ అనే విలేకరి సూచనతో పేరు మార్చారు.

1960ల్లో కుర్రాళ్లు ఇంటి కార్ల షెడ్డులో ప్రాక్టీస్ చేసి, ఈ పాటల్నే మొరటుగా, వేగంగా వాయించడం మొదలుపెట్టారు. అదే గ్యారేజ్ రాక్. రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు 1957లో విడుదల చేసిన ‘లూయీ లూయీ’ని 1963లో కింగ్స్‌మెన్ బ్యాండ్ పాడితే దేశమంతా మోగిపోయింది. బెర్రీ మాత్రం అప్పటికే సుమారు 750 డాలర్లకు హక్కులు అమ్ముకున్నారు. రికార్డుల రాబడి చాలావరకు వేరేవాళ్లకే పోయింది. 1980ల్లో గానీ హక్కులు తిరిగి ఆయన చేతికి రాలేదు.

కోబ్రాస్ ఏం చేశారు?

రేచల్ నేగీ పాడేవారు, మేరీ రమిరెజ్ గిటార్ వాయించేవారు. నేగీ ముందు నుంచీ గాయని కాదు, బ్యాండ్‌లోకి వచ్చాకే పాడటం మొదలుపెట్టారు. అందరికీ తెలిసిన హిట్లు వదిలేసి, మరుగున పడ్డవాటినే ఎంచుకున్నారు. చాలా పాటలు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. 2001లో వచ్చిన ‘లైఫ్, లవ్ అండ్ లీవింగ్’ ఆల్బమ్‌లోని రెండు పాటలు చూస్తే మన లెక్క అర్థమవుతుంది.

మొదటిది ‘బై బై బేబీ’. రాసింది, 1960లో పాడింది డెట్రాయిట్ అమ్మాయి మేరీ వెల్స్. నిజానికి జాకీ విల్సన్ కోసం రాసుకుని, మోటౌన్ కంపెనీ యజమాని బెర్రీ గోర్డీకి వినిపించింది. ‘నువ్వే పాడు’ అన్నారాయన.

రెండోది ‘క్రై ఆన్’. పాడింది న్యూ ఆర్లియన్స్ గాయని ఇర్మా థామస్. రాసింది ఆలెన్ టూసాంట్, అదీ నయోమీ నెవిల్ అనే కలం పేరుతో.

లెక్క ఇలా ఉంటుంది

అమెరికాలో 1909 చట్టంతో మొదలైన నియమం ప్రకారం, ఒకసారి రికార్డయిన పాటను ఎవరైనా మళ్లీ పాడి అమ్ముకోవచ్చు. రచయిత ‘వద్దు’ అనడానికి లేదు. కానీ అమ్మిన ప్రతి కాపీకీ నిర్ణీత రేటు కట్టాలి. అప్పట్లో అది 2 సెంట్లు. 2001 నాటికి 7.55 సెంట్లు అయింది.

ఉదాహరణకు 10,000 రికార్డులు అమ్ముడయ్యాయి అనుకుందాం. ఒక్కో పాటకు 755 డాలర్లు. దీన్ని పబ్లిషర్, రచయిత పంచుకుంటారు. సగం సగం అయితే రచయితకు 377 డాలర్ల చిల్లర.

మొదట పాడిన గొంతుకు ఇందులో వాటా లేదు. అంటే ‘బై బై బేబీ’ మీద రచయిత వాటా మేరీ వెల్స్ పేరున లెక్కకొస్తుంది. ‘క్రై ఆన్’ మీద టూసాంట్‌కు వస్తుంది, ఇర్మా థామస్‌కు రాదు. పైగా అక్కడి మామూలు రేడియోలో అసలు రికార్డే మోగినా, చట్టప్రకారం గాయకులకు ఏమీ ఇవ్వక్కర్లేదు.

దీని ఫలితం చిన్నది కాదు. మేరీ వెల్స్‌కు గొంతు క్యాన్సర్ వచ్చినప్పుడు ఆరోగ్య బీమా లేదు. సాటి కళాకారులు, అభిమానులు చందాలు వేసుకుని ఆదుకున్నారు. 1992లో ఆమె చనిపోయారు. 1950ల్లో వరుస హిట్లిచ్చిన రూత్ బ్రౌన్ తర్వాత ఇళ్లల్లో పనిచేసి, స్కూల్ బస్సు నడిపి బతికారు. రాయల్టీల కోసం ఆమె చేసిన పోరాటం వల్లే 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ పుట్టింది.

మరి మన దగ్గర?

మన కాపీరైట్ చట్టంలోనూ ఇలాంటి నియమం ఉంది. సెక్షన్ 31సి ప్రకారం, మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి కవర్ వెర్షన్ తేవచ్చు. 2012 సవరణ కోసం ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా నిలబడ్డారు. దాంతో రచయితలు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కు బలపడింది, గాయకులకూ వాటా హక్కు వచ్చింది.

రేచల్ నేగీ 2022 జనవరిలో కన్నుమూశారు. పాత పాటల్ని ఆ బ్యాండ్ కొత్త చెవులకు చేర్చింది. మిగతా సగం పని వినేవాళ్లది. కవర్ నచ్చితే అసలు రికార్డు కూడా వెతికి వినాలి. ఆన్‌లైన్‌లో దాన్ని విన్నప్పుడే ఆ రికార్డు ఖాతాలో ఎంతో కొంత పడుతుంది. కవర్లు పాడి పోస్ట్ చేసే మన కుర్రకారుకూ ఒక మాట: రాసినవారి పేరుతో పాటు మొదట పాడినవారి పేరు కూడా వేయండి. దానికి పైసా ఖర్చు లేదు.