కొత్తగా గరిటె పట్టేవాళ్లకు

ఎంతసేపు ఉడికించినా పప్పు పలుకుగానే ఉందంటే మంటను అనుమానించకండి, చింతపండు ఎప్పుడు వేశారో చూసుకోండి. పులుపు తగిలితే గింజలోని పెక్టిన్ కరగకుండా బిగుసుకుంటుంది. మన ఇళ్లలో కందిపప్పు ఉడికి, మెదిపాకే పులుసు పోసేది అందుకే. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువున్నా ఇదే తంటా. అలాంటి ఊళ్లలో పప్పు వరకైనా మంచినీళ్లు వాడండి.

ఆ పప్పును నిమిషాల్లో ఉడికించే ప్రెషర్ కుక్కర్ కొత్త వస్తువేం కాదు. ఫ్రాన్స్‌లో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లోనే లండన్‌లో దాని తొలి రూపం చూపించాడు. సేఫ్టీ వాల్వు ఆలోచన కూడా ఆయనదే. మామూలు గిన్నెలో నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు. ఎత్తున ఉన్న హైదరాబాద్‌లోనైతే 98 దగ్గరే మరుగుతాయి. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల 120 దాకా వెళ్తాయి. కాబట్టి గిన్నెలో ఎసరు మసలడం మొదలయ్యాక మంట పెంచితే గ్యాసు దండగ, అన్నం ముందుగా ఉడకదు. కుక్కర్ మూత పెట్టే ముందు ఆవిరి గొట్టంలో పప్పు పొట్టు అడ్డుపడిందేమో వెలుతురుకు ఎత్తి చూడండి.

కూరగాయలు తరిగేటప్పుడు పదును కత్తికన్నా మొద్దుబారిన కత్తే ప్రమాదం. బలం పెట్టి నొక్కాలి, జారితే వేలి మీదికే వస్తుంది. పదును కత్తి ఉల్లిపాయను నలపకుండా కోస్తుంది కనుక కళ్లలో నీళ్లూ తక్కువే.

అన్నం సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికించినా చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. బ్రిటన్‌లో 1970లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు జబ్బుపడటంతో ఈ సంగతి మీద అందరి దృష్టీ పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇదీ: వండిన పదార్థాన్ని 2 గంటలకు మించి బయట ఉంచొద్దు. ఉంచితే 60 డిగ్రీల పైన వేడిగా, లేదంటే 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచాలి. ఆదివారం గిన్నెడు వండి వారమంతా తినే విద్యార్థులకు, మన ఊళ్లోనైనా అమెరికాలోనైనా, నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. అంత అన్నం ఒకేసారి వండకండి. మిగిలితే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోగానే డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నెతో అలాగే పెడితే మధ్యలో అన్నం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది.

కోడిమాంసాన్ని కొళాయి కింద కడగొద్దన్న మాట మనకు మింగుడుపడదు. కానీ ఆ తుంపర్లతో బాక్టీరియా పక్కనున్న కొత్తిమీర మీదికి, గిన్నెల మీదికి చేరుతుంది. కడిగి తీరాలనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, వెంటనే సింకు తోమండి. బాక్టీరియాను చంపేది కడగడం కాదు, ఉడకడం. ముక్క నడిమధ్య 74 డిగ్రీల వేడి తగలాలి.

కళాయి పూసిన ఇత్తడి గిన్నెలో చారు మహా రుచి. ఆ పూత తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నెను మంట మీద వదిలేయకండి.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు చల్లొద్దు. నీరు నూనె అడుగుకు దిగి, ఒక్క క్షణంలో ఆవిరై మంటను పైకి ఎగజిమ్ముతుంది. స్టవ్ కట్టేసి మూత బోర్లించండి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. గాలికన్నా బరువు కాబట్టి గ్యాసు నేలమట్టాన పేరుకుంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చీ వేయొద్దు, ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేసే ఆ నంబర్‌ను ఇవాళే ఫోన్‌లో దాచుకోండి.