గీతల నడుమ రంగు

గ్రాఫు కాగితం మీద గీసిన గీత ఒక విషయంలోని హెచ్చుతగ్గులను చూపుతుంది. రెండు గీతలు గీసి వాటి నడుమ రంగు నింపితే, రెండింటికీ గల తేడా కంటికి కడుతుంది. ఈ రంగు అలంకారం కాదు. అది కూడా ఒక లెక్కే.

స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో లండన్‌లో వర్తక విషయాలపై ఒక పటాల పుస్తకం ప్రచురించాడు. డెన్మార్క్, నార్వేలతో ఇంగ్లండు 1700 నుంచి 1780 వరకు సాగించిన వ్యాపారాన్ని అందులోని ఒక పటం చూపుతుంది. ఒక గీత దిగుమతులది, రెండవది ఎగుమతులది. మొదట దిగుమతుల గీత పైన ఉంటుంది. అప్పటి నడిమి భాగం ఇంగ్లండుకు కలిగిన లోటు. 1750 దాటిన కొన్నేళ్లకు గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి. అక్కడినుంచి నడిమి భాగం మిగులు. ఎనభై ఏళ్ల అంకెలు చదివితేగాని తెలియని సంగతి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఆనాడు పటాలకు చేత్తో రంగులు అద్దేవారు. నేడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఇందుకు మాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ ఉంది. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. తరచు అవసరమయ్యే పనులకోసం ముందే రాసి ఉంచిన ఆదేశాల సముదాయం. అమెరికా శాస్త్రవేత్త జాన్ హంటర్ దీనిని 2003లో వెలువరించాడు.

ఇందులో రంగు నింపే ఆదేశం పేరు 'ఫిల్ బిట్వీన్'. దానికి సంవత్సరాల వరుసను, రెండు గీతల అంకెలను ఇవ్వాలి. కంప్యూటర్ మొదటి గీత వెంట చుక్క చుక్కకూ సాగి, రెండవ గీత వెంట తిరిగి వస్తుంది. అలా ఏర్పడిన బహుభుజిలో రంగు నింపుతుంది. రెండవ గీత ఇవ్వకపోతే సున్నానే అడుగు గీతగా తీసుకుంటుంది. లోటుకు ఒక రంగు, మిగులుకు ఒక రంగు కావాలంటే షరతు పెట్టవచ్చు. అయితే గీతలు దాటుకొనే చోటు రెండు సంవత్సరాల నడుమ పడితే అక్కడ ఖాళీ మిగులుతుంది. ఖండన బిందువును లెక్కగట్టమని విడిగా చెబితే ఆ ఖాళీ పూడుతుంది.

కంప్యూటర్ చెప్పినట్లు చేస్తుంది. చెప్పింది న్యాయమో కాదో చూడదు. ఒక బడిలో నిరుడు 95 మంది, ఈ ఏడు 100 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. ఒకే గీత కింద రంగు నింపుతూ, అడుగును సున్నాకు బదులు 90 దగ్గర పెడితే రంగు ఎత్తు 5 నుంచి 10కి పెరుగుతుంది. పిల్లలు రెట్టింపైనట్లు కనిపిస్తుంది. అంకెల్లో అబద్ధం లేదు, బొమ్మలో ఉంది. అందుకే రంగు నింపిన పటం చూసినప్పుడు ముందుగా దాని అడుగు ఎక్కడుందో చూడాలి.