సి బుక్కులో ఒక్క అంకె

కొత్త బండి ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. తర్వాత ఆర్‌సీ కార్డు, అదే మన సి బుక్కు, వస్తే పేరు చూసుకుని బీరువాలో పెట్టేస్తాం. ఛాసిస్ నంబరులో ఒక అంకె తప్పు పడినా ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. బండి అమ్మబోయినప్పుడో, ప్రమాదం జరిగి బీమా సొమ్ము అడిగినప్పుడో బయటపడుతుంది. అప్పటికి షోరూం ఎత్తేసి ఉండొచ్చు. కార్డు చేతికొచ్చిన రోజే సరిచూసుకోవాలని చెప్పేది అందుకే.

కార్డును బిల్లుతో పోల్చి చూస్తే సరిపోదు, తప్పు బిల్లులోనే మొదలై ఉండొచ్చు. బండి మీద చెక్కిన నంబరే అసలైనది. బైకులకు అది చాలావరకు హ్యాండిల్ కింది గొట్టం మీద ఉంటుంది. టార్చి వేసి, మట్టి తుడిచి, ఒక్కో అక్షరం పైకి చదవండి. ఇంకొకరు కార్డు చూస్తూ సరిపోల్చాలి. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఒకటితో, సున్నాతో కలిసిపోతాయని ఇంగ్లిషు ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. కార్డులో ‘ఓ’ కనిపిస్తే అక్కడ సున్నా ఉండాలన్నమాట. ఇంజను నంబరుకు ఈ నియమం లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి మీది నంబరూ ఆర్‌సీలోని నంబరూ వేరైతే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. యజమాని చెప్పేది విన్న తర్వాతే అనుకోండి. అయినా దొంగబండి కాదని రుజువు చేసుకునే పని మనకెందుకు?

తప్పు దొరికితే నేరుగా ఆర్టీఏ ఆఫీసుకు పరుగెత్తకండి. అది ఏ కాగితంలో పుట్టిందో ముందు వెతకండి. ఫారం 21 షోరూం ఇచ్చిన అమ్మకపు పత్రం, ఫారం 22 తయారీ కంపెనీ ఇచ్చేది. రెండూ సరిగా ఉండి కార్డు ఒక్కటే తప్పయితే, వాటిని జతచేసి దిద్దమని రాసివ్వండి. ఫారం 21లోనే తప్పుంటే ముందు షోరూం దాన్ని సరిచేసి ఇవ్వాలి. నంబరు తేడా అయితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని చూడాలంటారు, నంబరు మీద కాగితం పెట్టి తీసిన పెన్సిల్ ప్రింటు కూడా అడగవచ్చు. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా కదలవద్దు.

పేరుతో వచ్చే చిక్కు మన తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆర్‌సీలో ఒక్క పొడి అక్షరం. ఒకచోట ముందు, మరోచోట వెనక. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు. మనిషి ఒకరేనని ఊరందరికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. అన్నిటికంటే ముందు ఆధార్‌ను స్థిరపరచుకుని, మిగతావాటిని దానికి తగ్గట్టు మార్పించుకోవడమే మేలు.

కొన్ని అసలు తప్పులే కావు. ఇల్లు మారితే అది చిరునామా మార్పు, 30 రోజుల్లో తెలియజేయాలి. అప్పు తీరినా కార్డులో బ్యాంకు పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 ఇవ్వాలి. తెలంగాణ పాత బండ్ల మీది ‘టీఎస్’ను మార్చుకోనక్కర్లేదు, ‘టీజీ’ వచ్చింది 2024 మార్చి నుంచి కొత్తవాటికే.

దిద్దిన కార్డు వచ్చాక మళ్లీ టార్చి వేసి చూడండి. అదే వారంలో బీమా పాలసీలోనూ ఆ మార్పు ఎండార్స్‌మెంట్‌గా ఎక్కించుకోండి.