పోటోమాక్ నడుమ ఒక లంక

"అన్నయ్యా, ఇవాళ మన గోదావరి లంకలాంటిది చూపిస్తాను పద" అన్నాడు మా తమ్ముడు. వాషింగ్టన్ నగరం పక్కన పోటోమాక్ నదిలో, అమెరికా 26వ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు పేర ఉన్న దీవి అది. వర్జీనియా ఒడ్డునుంచి కాలివంతెన దాటి అడవిలో ప్రవేశించాము.

ఒకప్పుడు మేసన్ కుటుంబంవారు ఇక్కడ బానిసలచేత సాగు చేయించారు. 1863లో నల్లజాతి సైనికులు ఇక్కడనే కవాతు నేర్చారు. 1930ల్లో మొక్కలు నాటి, ఈ నేలను మళ్లీ అడవిగా మార్చారు. 1967లో 17 అడుగుల కంచువిగ్రహాన్ని ఆవిష్కరించారు. వేటగాడుగా పేరుమోసిన ఆ మనిషే 1903లో ఫ్లోరిడాలోని పెలికాన్ దీవిని పక్షులకు రక్షితస్థలం చేశాడు!

మా ఆవిడ పూజకని ఒక పువ్వు మీద చేయి వేసింది. "కోయకూడదు, పెద్దమ్మా!" అన్నది తమ్ముడి కూతురు. ఆవిడ చిన్నబుచ్చుకున్నది గాని, మారుమాట లేకుండా చేయి తీసేసింది.

చిన్నప్పుడు నేను రేగుపళ్లు ఏరుకున్న మా ఊరి లంక జ్ఞాపకం వచ్చింది. దాన్ని వరద కొంత, ఇసుక బళ్లు కొంత తినివేశాయి. విగ్రహాలకు మనకేం కొరత లేదు. ఎవరి పేరనైనా సరే, ఒక్క లంకను ఇలా చెట్లకూ పిట్టలకూ వదిలిపెడితే ఎంత బాగుండును!