సైకిల్ కొన్నారు సరే.. రోడ్డెక్కేదెప్పుడు?

రెండేళ్ల కిందటి మాట. ఓపీలో యాభై ఎనిమిదేళ్ల పెద్దాయన ఎదురుగా కూర్చున్నారు. మధుమేహం, కాస్త అధిక బరువు. మోకీళ్లలో అరుగుదల అప్పుడప్పుడే మొదలవుతోంది. నడవమంటే నొప్పి అంటున్నారు. 'పోనీ సైకిల్ తొక్కండి. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి మోకాళ్లకు శ్రమ తగ్గుతుంది, గుండెకూ మంచిది' అన్నాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ 'మరి మీరు తొక్కుతారేటండీ?' అని అడిగారు.

'ఆఁ.. తొక్కుతాను' అన్నాను.

అది అబద్ధం. నా సైకిల్ అప్పటికి నాలుగు నెలలుగా బాల్కనీలో ఉంది. దాని మీద మా ఆవిడ తువాళ్లు ఆరేస్తోంది.

నలభై మూడేళ్లకే నా రక్తపోటు 146/94కి చేరిందని తెలిసి, ఆవేశంగా గేర్ల సైకిల్ కొన్నాను. మాది విశాఖపట్నం. మొదటి ఆదివారమే బీచ్‌రోడ్డు ఎక్కేశాను. సాగర్‌నగర్ దాటానో లేదో వెనక నుంచి ఓ బస్సు గట్టిగా హారన్ కొట్టింది. ఉలిక్కిపడి ఎడమకు లాగాను. రోడ్డంచున పేరుకున్న ఇసుకలో ముందు చక్రం దిగబడింది. మోచెయ్యి, మోకాలు చెక్కుకుపోయాయి. గాయం కడిగించుకుని ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నాను. గాయం పది రోజుల్లో మానింది. భయం మానలేదు. పైగా మా వృత్తిలో తలకు దెబ్బలు తగిలినవాళ్లను చూడని వారం ఉండదు. ఆ చూసిన కళ్లతో మళ్లీ రోడ్డు మీదకు వెళ్లడం అంత తేలిక కాదు.

ఆ పెద్దాయనకు చెప్పిన అబద్ధం మాత్రం వదల్లేదు. ఎందుకు భయపడుతున్నానని ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. నాకు సైకిల్ వచ్చింది పదేళ్ల వయసులో. అద్దె సైకిల్, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, మా ఊరి సందుల్లో. ఆ పదేళ్ల పిల్లాడి నేర్పుతోనే ముప్పై మూడేళ్ల తర్వాత బస్సుల మధ్యకు వెళ్లాను. సైకిల్ మీద నిలదొక్కుకోవడం ఒక విద్య, రోడ్డు మీద తొక్కడం మరో విద్య. ఆ రెండోది నేను నేర్చుకోనేలేదు. కాబట్టి నా భయం సబబైనదే. అది 'ఇంకా నేర్చుకో' అంటోంది, అంతే.

మైదానంలో మూడు వారాలు

ఇంటి దగ్గర స్కూలు మైదానంలో, వారానికి నాలుగు రోజులు, పొద్దున్నే ఇరవై నిమిషాలు. అన్నింటికన్నా ఎక్కువ కష్టపడింది వెనక్కి తిరిగి చూడటానికి. మన దేశంలో వాహనాలు మనల్ని కుడివైపు నుంచి దాటతాయి. అంటే కుడి భుజం మీదుగా చూడాలి. కొత్తవాళ్లు తల ఎటు తిప్పితే హ్యాండిల్ అటే పోతుంది. రోడ్డు మీద ప్రమాదం తెచ్చేది ఇదే. ముగ్గుపిండితో నేల మీద గీత గీసి, దాని మీదే తొక్కుతూ తల తిప్పేవాణ్ని. మా అబ్బాయి వెనక నిలబడి వేళ్లు చూపించేవాడు. ఎన్నో చెప్పాలి, చక్రం గీత దాటకూడదు. గడ్డాన్ని కుడి భుజానికి ఆనించినట్టు తిప్పి, మోచేతులు వదులుగా ఉంచితే ఈ పని కుదురుతుంది. నాకు తొమ్మిది రోజులు పట్టింది. మావాడికి రెండు నిమిషాలు పట్టింది, అది వేరే సంగతి.

తర్వాత ఒంటిచేత్తో తొక్కడం. ఇది రాకుండా మలుపులో చెయ్యి చూపించలేం, నీళ్లూ తాగలేం. ఆపైన బ్రేకులు. మన దగ్గర అమ్మే చాలా సైకిళ్లలో ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. మీదానికి ఎటుందో ఒకసారి చూసుకోండి. సైకిల్‌ను బాగా ఆపేది ముందు బ్రేకే. అయితే అదొక్కటే ఒక్కసారిగా నొక్కితే ముందుకు పల్టీ కొట్టే ప్రమాదముంది. ఆ భయంతో వెనకదొక్కటే నొక్కితే చక్రం జారుతుంది, సైకిల్ ఆగాల్సిన చోట ఆగదు. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ, నడుమును సీటు మీద వెనక్కి జరపాలి. ఒక రాయి పెట్టుకుని, సరిగ్గా దాని దగ్గర ఆపడం యాభైసార్లు చేస్తే చేతులకు అలవాటవుతుంది.

అంచు పట్టుకుంటే చిక్కే

నేను పడ్డది అంచున తొక్కబట్టే. భయమున్నవాళ్లంతా రోడ్డు ఎడమ చివరకు ఒదిగిపోతారు. ఇసుక, గాజు పెంకులు, కాలవ మూతలు అన్నీ ఉండేది అక్కడే. పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. పైగా మనం అంచున ఉంటే వెనకవాళ్లు వేగం తగ్గించకుండా రాసుకుంటూ పోతారు. అంచు నుంచి రెండడుగులు లోపలికి, వంకర పోకుండా, సూటిగా తొక్కండి. అప్పుడు వాళ్లు మనల్ని చూసి, కాస్త చుట్టి వెళ్తారు. ఆగి ఉన్న కార్లకు మాత్రం నాలుగడుగుల దూరం పాటించండి. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు.

ఇక హారన్. నన్ను పడగొట్టింది అదే కదా! ఇప్పుడు వినే తీరు మారింది. మన రోడ్ల మీద హారన్ చాలాసార్లు తిట్టు కాదు, 'వెనక వస్తున్నాను' అనే కబురు. విన్నా చక్రం కదపకుండా అదే దారిలో సాగిపోవడం నేర్చుకున్నాక సగం బెరుకు తీరింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ కబురు అందదు, వద్దు. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, కొందరు పెట్టినట్టు నెత్తి వెనక్కి కాదు. చీకటి ఉండగా వెళ్తే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడవండి, చాలావరకు వాటికి ఆసక్తి పోతుంది. పొరపాటున కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

నొప్పులు వస్తుంటే..

చాలామంది మోకాలి నొప్పితో మానేస్తారు. నూటికి నూరుసార్లూ అని అనను గానీ, ముందు చూడాల్సింది సీటు ఎత్తు. పాదం నేలకు ఆనాలని సీటు కిందికి దించుకుంటాం, దాంతో మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. సీటు మీద కూర్చుని పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సరైన ఎత్తు అదే. బరువు గేరు బిగించి తొక్కడం కన్నా తేలిక గేరులో గబగబా తిప్పడం మోకాలికి మంచిది. చేతులు, సీటు తగిలేచోట తిమ్మిరెక్కుతుంటే కొద్ది నిమిషాలకోసారి పట్టు మార్చండి, సీటు మీంచి లేవండి.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు తొక్కేటప్పుడు, ఆ తర్వాత కూడా చక్కెర పడిపోవచ్చు. బయల్దేరే ముందు పరీక్షించుకుని, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. మెటోప్రొలాల్ లాంటి మందులు వాడుతుంటే నాడి వేగం అంతగా పెరగదు, చేతి గడియారం చూపే అంకెల్ని నమ్మొద్దు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే అది సరైన వేగం. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో బరువు, ఎన్నడూ లేని ఆయాసం, తల తిరగడం ఉంటే వెంటనే ఆగిపోండి, తగ్గిపోయిందని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అరగంట చొప్పున అయిదు రోజులు. దీనికి లక్ష రూపాయల సైకిల్ అక్కర్లేదు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేసే బ్రేవేలు ఉన్నాయి, నా సహాధ్యాయి ఒకాయన వాటికి వెళ్తాడు. అతని ఫొటోలు చూసి నేనూ ఫోన్‌లో యాప్ పెట్టుకుని, సగటు వేగం చూసుకుంటూ కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాను. అది తీసేశాకే సరదా మొదలైంది. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఎక్కలేకపోతే దిగి నడిపించుకుంటూ వెళ్లేవాణ్ని. ఎవరూ నవ్వలేదు. ఓ డిసెంబరు ఉదయం దిగకుండానే పైకి చేరాను. అక్కడ ఆగి, కింద సముద్రం చూస్తూ, రొప్పుతూ ఎంతసేపు నిలబడ్డానో!

కిందటి వేసవిలో భీమిలి దాకా వెళ్లాను. వెళ్లేటప్పుడు గాలి వీపు మీద ఉంటే నా సత్తా అనుకున్నాను. తిరుగు దారిలో అదే ఎదురుగాలై లెక్క సరిచేసింది. అందుకే వీలైతే ముందు గాలికి ఎదురు వెళ్లండి, అలసిపోయాక అది ఇంటికి తోస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసాలో తీసుకెళ్లండి, మన తీరపు ఉక్కలో చెమట తక్కువేం పోదు. నా రక్తపోటు ఇప్పుడు ఒక మాత్రతో అదుపులో ఉంది. సైకిల్ తొక్కుతున్నానని మాత్ర మానలేదు, మీరూ మానకండి. తువాళ్లకు మా ఆవిడ వేరే తాడు కట్టుకుంది.

ఈమధ్య ఆ పెద్దాయన మళ్లీ ఓపీకి వచ్చారు. రెండేళ్ల కిందట చెప్పింది అబద్ధమని ఒప్పేసుకున్నాను. ఆయన పెద్దగా నవ్వారు. 'నేనూ కొన్నానండి. మాకు బాల్కనీ లేదు కదా.. మేడ మీద పెట్టాను' అన్నారు. ఆదివారం ఆరింటికి మైదానానికి రమ్మన్నాను. ముందు టైర్లకు గాలి కొట్టించుకోమన్నాను.