పురిటి నొప్పుల వేళ గోరువెచ్చని నూనె, ఆత్మీయ హస్తం

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు ఊరకే అనలేదు. రెండుమార్లు ఆ గండం గడిచి బయటపడిన నేను, ఆ రెండు కాన్పులకు గల వ్యత్యాసాన్ని పాఠక సోదరీమణుల ముందుంచదలచాను.

తొలి కాన్పు 1989లో ఒక పట్టణ ఆసుపత్రిలో జరిగింది. నొప్పులు ఆరంభమైనది మొదలు నన్ను బల్లపై వెల్లకిలా పడుకోబెట్టారు. అమ్మ నువ్వుల నూనె గిన్నె చేతబట్టుకొని తలుపు వెలుపలనే కూర్చున్నది, లోనికి రానివ్వలేదు. పద్నాలుగు గంటల తరువాత బిడ్డ క్షేమంగా పుట్టింది. అయినను ఆనాటి నొప్పికంటె ఒంటరితనమే నాకు నేటికీ జ్ఞాపకం.

మలి కాన్పు 1993లో మరొక ఆసుపత్రిలో. అక్కడి డాక్టరమ్మ అమ్మను తోడుండనిచ్చారు. నొప్పికీ నొప్పికీ నడుమ అమ్మ చేయి పట్టుకొని వరండాలో నడిచాను. ఆమె నా నడుముకు, వీపుకు, తొడలకు గోరువెచ్చని నూనె మృదువుగా రాసింది. నొప్పి వచ్చినపుడు నడుము దిగువన అరచేతితో అదిమిపట్టింది. వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలును తన మణికట్టుపై పరీక్షించుకొని కాపడం పెట్టింది. “ఈ ఒక్కటీ ఓర్చుకో తల్లీ” అని ప్రతిసారీ అన్నది. నొప్పి తగ్గలేదు, కాని నాకు దానిని భరించే శక్తి కలిగింది.

కొన్నేళ్లకు చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం చదివి ఆశ్చర్యపోయాను. పలుమార్లు ప్రసవించిన, ప్రేమ గల స్త్రీలు గర్భిణిని పరివేష్టించి ఓదార్చవలెననీ, నడుము, పక్కలు, వీపు, తొడలను గోరువెచ్చని తైలంతో మర్దించవలెననీ అందులో ఉన్నది. నొప్పుల వేళ రోకలితో ధాన్యం దంపించవలెనన్న మతాన్ని ఆత్రేయుడు ఖండించి, నడక మేలన్నాడు. నొప్పి రానిదే ముక్కరాదన్న హెచ్చరిక కూడ అక్కడ కలదు.

ఆధునిక వైద్యం సైతం ఈ మార్గానికే వచ్చింది. ఆసుపత్రులలో ప్రసవ సమయాన తోడును భారత ప్రభుత్వం 2016లో అనుమతించింది. కోరిన తోడు, నిటారు భంగిమలు, నడక, మర్దనం, వేడి కాపడం ఆరోగ్యవంతులైన గర్భిణులకు తగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. కడుపును పైనుండి నొక్కి బిడ్డను నెట్టడం తగదని కూడ చెప్పింది.

అయితే ఇంటి వైద్యమంతా నిరపాయం అనుకొనరాదు. మా తోటికోడలికి నెలలు నిండగానే, నొప్పులు త్వరగా రావాలని ఎవరో ఆముదం తాగించారు. వాంతులతో, విరేచనాలతో ఆమె సొమ్మసిల్లింది. తీరా నొప్పులు వచ్చేసరికి ముక్కే ఓపిక లేకపోయింది. సకాలంలో ఆసుపత్రికి చేర్చినందున తల్లీబిడ్డలు దక్కారు. కనుక వైద్యుల అనుమతి లేనిదే ఆముదం గాని, కషాయం గాని లోనికి ఇవ్వరాదు.

రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారుట, బిడ్డ కదలికలు తగ్గుట, ఉమ్మనీరు పచ్చగా పోవుట - వీటిలో ఏది కనిపించినా నూనె గిన్నె పక్కనబెట్టి తక్షణం ఆసుపత్రికి తరలించవలెను.

మొన్న మా అమ్మాయి పురిటికి నేనే తోడుగా నిలిచాను. వైద్యం డాక్టరు చేశారు; నడుము నేను పట్టాను. ఈ రెండూ ఒకే గదిలో ఇమిడిననాడు ఏ తల్లీ ఒంటరిగా కననవసరం లేదు.